సుహాసినమ్మ ఎంచుకున్న రేడియో

సుహాసినమ్మ గురించి పుంగనూరులో చెప్పుకునే మాటల్లో ముప్పాతిక వంతు అబద్ధం. ఆమె గూఢచారి కాదు. ఇంటి మీద తీగ కట్టి వానలు రాకుండా చెయ్యలేదు. చచ్చిపోయినవాళ్లతో మాట్లాడుతుందని ఒకామె మా బడి గేటు దగ్గర నిలబడి చెప్పింది. ఆమెకు నేను అప్పుడే తగిన జవాబు ఇచ్చాను, ఇక్కడ మళ్లీ రాయను. సుహాసిని మా మిషన్ ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. నేను తెలుగు టీచరును, పేరు పుష్పమ్మ. బడి వెనక క్వార్టర్సులో గోడకు ఆ పక్క ఆమె, ఈ పక్క నేను ఉండేవాళ్లం. నేను విధవను, ఆమె పెళ్లి చేసుకోలేదు. నాకు నోరు ఎక్కువ, ఆమెకు చెవులు ఎక్కువ. ఇద్దరాడవాళ్ల స్నేహానికి అంతకన్నా ఏం కావాలి?

ఆమె మదనపల్లెలో కాంపౌండరుగా చేసిన జ్ఞానప్రకాశం గారి కూతురు. ఈ పిల్ల నర్సు అవుతుందిలే అని అందరూ అనుకుంటూ ఉండగా, యుద్ధం కోసం సైన్యంలో ఆడవాళ్ల దళం పెట్టారని తెలుసుకుని పోయి చేరింది. ముక్కున వేలేసుకోనివాళ్లు లేరు. బెంగుళూరులో ఆమెకు ఇచ్చిన పని వినడం. చెవులకు ఫోన్లు తగిలించుకుని, రేడియోలో వచ్చే టకటకలను అక్షరాలుగా కాగితం మీద దించాలి. స్టేషన్ చూపే ముల్లు ఎక్కడ పెట్టాలో పైవాళ్లు చెబుతారు. అక్కడే పెట్టి కూర్చోవాలి. పక్కనే ఎవరో పాడుతున్నట్టు లీలగా వినిపించినా, ఏ దేశమో ఏ భాషో అని ప్రాణం లాగినా, ముల్లు కదపకూడదు. కదిపితే శిక్ష. నాలుగేళ్లు అట్లా కూర్చుని, యుద్ధం ముగిశాక ఇంటికి వచ్చి మా బడిలో చేరింది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, ఒకనాడు నా వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉన్నట్టుండి చెప్పింది.

"పుష్పక్కా, నేనొక రిసీవర్ కొనుక్కుంటాను."

"అంటే రేడియోనా?"

"రేడియో అంటే మద్రాసు పాటలు వినేది. ఇది అట్ల కాదు. ఓడల్లో మాట్లాడేది, సముద్రానికి ఆ పక్క మాట్లాడేది, యాడెక్కడి సన్న గొంతులైనా పట్టుకుంటాది. సైన్యంలో వాడినట్టిది. యుద్ధం అయిపోయింది గదా, పాతవి అమ్మేస్తాండారు."

"నీకు యాల మే అది?"

"వినేదానికి."

"విని?"

"విని ఏముంది? వినాలని ఉండాది, అంతే. నాలుగేండ్లు వాళ్లు పెట్టమన్న తావే ముల్లు పెట్టి విన్నా. ఇప్పుడు నా ముల్లు నేను తిప్పుకోవాల."

నాకు నవ్వొచ్చింది. కుట్టుమిషన్ కొనుక్కో, పది కాలాలు ఉంటుంది అన్నాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు. ఆ తరవాత వారం తిరగకముందే పోస్టాఫీసుకు పోయి రేడియో లైసెన్సు తీసుకుంది. చేతిలో సెట్టు లేకుండా లైసెన్సు తీసుకున్న మనిషిని పోస్టుమాస్టరు అంతవరకు చూడలేదట. ఊరంతా చెప్పాడు. అట్లా సంగతి థామస్ గారి దాకా పోయింది.

థామస్ గారు మా సంఘ పెద్ద. బడి మేనేజరు కూడా ఆయనే. మా జీతాలు, క్వార్టర్సు తాళాలు, చర్చి గంట, అన్నీ ఆయన చేతిలోనే. చెడ్డమనిషి కాదు. కరువులో గంజి తొట్లు పెట్టించి ఎందరి ప్రాణాలో నిలబెట్టాడు. కానీ తాను సరే అనకుండా సూర్యుడు పొడిచినా ఒప్పుకునే రకం కాదు. మమ్మల్నిద్దరినీ ఆఫీసు గదికి పిలిచాడు. నన్నెందుకు పిలిచాడో నాకు ఇప్పటికీ తెలియదు, బహుశా నేను బుద్ధి చెబుతాననుకున్నాడేమో.

"రేడియో మంచిదేనమ్మా," అన్నాడు. "సువార్త ప్రసంగాలు వస్తాయంట. పిల్లోళ్లకు ఇంగ్లీషు అబ్బుతాది. అందుకే గదా?"

"కాదయ్యా. ఊరికే వినాలని."

"ఊరికేనా?" అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టాడు. "ఊరికే అంటే నేను కమిటీకి ఏమని సెప్పేది?"

"ఊరికేనని సెప్పండయ్యా."

బయటికి వచ్చాక ఆమె మీదికి ఒంటికాలి మీద లేచాను. సువార్త కోసం అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది, ఆయన సంతోషపడేవాడు, నువ్వూ సుఖపడేదానివి అని. ఆమె నడుస్తూనే చెప్పింది: "సైన్యంలో చేరేటప్పుడు అందురూ దేశం కోసమని సెప్పమన్నారు, సెప్పినా. ఇల్లు దాటి పోవాలని చేరినా, నిజం అది. ఇంగ అట్ల సెప్పను పుష్పక్కా." నా కోపం ఇంకా పెరిగింది, ఇంటిదాకా ఆమెకు పది అడుగుల ముందు నడిచాను.

థామస్ గారు ఊరుకుంటాడా? మదనపల్లెలో ఒక దొరసాని సామాన్లన్నీ అమ్మేసి ఇంగ్లండుకు పోతోందని, ఆమె రేడియో తానే మాట్లాడి పెట్టానని కబురు చేశాడు. ముగ్గురం పోయాం. బంగళా వరండాలో ఒక చెక్కపెట్టె. పాలిష్ ఎంత నున్నగా ఉందంటే అందులో చూసుకుని నేను కొప్పు సర్దుకున్నాను. మధ్యలో ఒక గాజు కన్ను. కారు బ్యాటరీ తగిలించి మీట తిప్పితే కాసేపటికి ఆ కన్ను పచ్చగా వెలిగి, మద్రాసు పాట వరండా అదిరేలా మోగింది. థామస్ గారు ఆ పెట్టెను తానే కన్నట్టు చూశాడు.

సుహాసిని ఆ పాటను తీసేసింది. షార్ట్‌వేవ్ మీదికి పోయి, గుసగుసలాంటి ఒక స్టేషన్ పట్టుకుని చెయ్యి తీసేసింది. "కాఫీ తాగుదాం," అంది. దొరసాని వంటామె కాఫీ ఇచ్చింది. మేము తాగేలోపల ఆ గుసగుస ఎటో పోయి ఆ చోట ఇంకెవరో అరుస్తున్నారు. ముల్లును ఎవరూ తాకలేదు. మళ్లీ తిప్పి తెచ్చింది, మళ్లీ జారిపోయింది. అప్పుడు పెట్టె పక్కన వేలి కణుపుతో తట్టింది. లోపల నూనెలో ఆవాలు పడినట్టు చిటపటలాడింది.

"ఇది నిలబడదయ్యా," అంది.

"జారితే మళ్లీ తిప్పుకోవచ్చు గదమ్మా!"

"గట్టి గొంతైతే మళ్లీ దొరుకుతాది. సన్న గొంతు ఒక తూరి జారితే మళ్లీ దొరకదు."

"దొరసాని వాడిన వస్తువుకు వంకలు పెడతాండావు నువ్వు!"

నేను ఆమె జబ్బ గిల్లాను. ఆమె దొరసానికి దండం పెట్టి మెట్లు దిగింది. తిరుగు బస్సులో థామస్ గారు మాకు దూరంగా డ్రైవరు పక్కన కూర్చున్నాడు. పుంగనూరు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. సుహాసినికి అదేమీ పట్టలేదు. "అది గదిలో పదిమందికి వినిపించేదానికి చేసింది పుష్పక్కా," అని నా చెవిలో చెప్పింది. "నాకు వినేదానికి చేసింది కావాల."

అది కుప్పంలో దొరికింది. బెంగుళూరు నుంచి సైన్యం సామాను రైల్లో తెచ్చి అమ్మే చిన్నస్వామి అనే ఆయన స్టేషన్ వెనక రేకుల కొట్టం పెట్టుకున్నాడు. బడికి సెలవైన రోజు చూసి, బొగ్గు మీద నడిచే బస్సెక్కి, గంగవరం మీదుగా, పలమనేరు మీదుగా, మొహాన మసి పూసుకుని మధ్యాహ్నానికి కుప్పంలో దిగాం. నా తల ప్రాణం తోకకొచ్చింది. కొట్టం నిండా డేరా గుడ్డలు, బూట్లు, నీళ్ల బుడ్లు, జీపు చక్రాలు. ఆ మధ్యలో చిన్నస్వామి.

"రాండమ్మా. యజమాని వెనకాల వస్తాండారా?"

"నేనే యజమానిని," అంది సుహాసిని. "రిసీవర్లు సూపించు."

రెండున్నాయి. ఒకటి ముందు వరుసలో బల్ల మీద, కొత్త ఆకుపచ్చ రంగుతో మెరుస్తూ, మద్రాసు స్టేషన్‌ను గొంతెత్తి పలుకుతోంది. రెండోది వెనక డేరా గుడ్డ కింద. రంగు రాలిపోయి, ఒక మూల సొట్ట పడి, చూడటానికి నాకు వంటింటి ఇనపపెట్టెలాగా అనిపించింది. రెండూ ఒకే రకం, ఒకే బరువు. చెరో పక్క పిడి పట్టుకుని ఇద్దరు లేపాలి.

"దీన్ని వినండమ్మా, రైలు కూత కూడా దీని ముందర నిలబడదు," అని చిన్నస్వామి మెరిసేదాన్ని తట్టాడు.

"అరిసేదాన్ని ఎవురైనా అరిపిస్తారప్పా. దాన్ని ఆపు." ఆమె వంగి ఆ పెట్టె వెనక చూసింది. "దీన్ని ఎవురు ఇప్పినారు?"

"ఎవురూ ఇప్పలేదమ్మా! సైన్యం నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాది."

"మరి కొత్త రంగంతా నున్నగా ఉండాది, పెట్టె బిగించిన మరల తలల మీద మాత్రం గీకుపోయి ఉండాదే? రంగేసినాక ఇప్పినారు." గాలి పోయే చిల్లుల దగ్గర ముక్కు పెట్టింది. "లోపల కాలిన వాసన వస్తాండాది."

"మీరు బొగ్గు బస్సులో వచ్చినారు గదమ్మా, ఆ వాసన అది."

నేను నా కొంగు వాసన చూసుకున్నాను. చిన్నస్వామి చెప్పింది నమ్మాలనిపించింది కూడా. సుహాసిని నా వైపు ఒక చూపు చూసి, వెనకదాన్ని బయటికి తీయించింది. దాని మరల తలల మీద పాత రంగు చెక్కు చెదరలేదు. అంటే సైన్యం బిగించాక దాన్ని ఎవరూ ముట్టలేదు. "మూల సొట్ట బయటిది. మరలు లోపలి సంగతి సెప్తాయి," అని నాకు చెప్పింది. లారీ బ్యాటరీ తగిలించి మీట వేసింది. వేసి, వినకుండా, ఒక తూటాల పెట్టె మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"వినవేమే?" అన్నాను.

"కాగాల. సల్లగా ఉన్నప్పుడు అన్నీ మంచివే."

సెట్టు కాగినాక పని మొదలుపెట్టింది. కొట్టం మీదికి పోయిన తీగను పీకింది, పెట్టెలో హోరు తగ్గింది. మళ్లీ తగిలించింది, హోరు పెరిగింది. "చెవులు బాగుండాయి దీనికి," అంది. ఒక స్టేషన్‌ను ఎడమ నుంచి వచ్చి పట్టుకుంది, కుడి నుంచి వచ్చి పట్టుకుంది. ముల్లు రెండుసార్లూ ఒకే గీత మీద ఆగింది. పక్కన గుద్దింది, నా చెయ్యైతే నొప్పి పుట్టేది, పెట్టె ఉలకలేదు పలకలేదు. ఒక మీటను చివరి గుర్తుకు తిప్పితే మాత్రం గరగరమని ఏమీ పలకలేదు. చిన్నస్వామి నేల చూపులు చూశాడు. ఆమె ఆ మీటను అటూ ఇటూ, అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. కాసేపటికి గరగర పోయి అక్కడా గొంతులు వచ్చాయి.

"తిప్పక మురికి పట్టింది. జబ్బు కాదు."

అడిగి ఆ లారీ బ్యాటరీని, రేడియో లోపల వెలిగే గాజు బుడ్లు, వాల్వులంటారు, అవి విడిగా కొన్నిటినీ తీసుకుని, వాల్వులను ఒక్కొక్కటీ పెట్టెలో దూర్చి పలికించి చూసింది. చిన్నస్వామికి ఓపిక చచ్చింది. "పెండ్లికొడుకును కూడా ఇంత సూడరమ్మా," అన్నాడు.

"అందుకే నేను పెండ్లి చేసుకోలే," అంది ఆమె, తల ఎత్తకుండా.

చివరికి నూలుపోగంత సన్నగా వినబడుతున్న ఒక మగగొంతు మీద ముల్లు పెట్టి, "భోంచేసి వస్తాం," అని లేచింది. వస్తాం కాదు, వస్తానట. నేను పెట్టె పక్కన కాపలా ఉండాలట, ముల్లును ఎవరూ ముట్టకుండా. కడుపులో ఎలుకలు పరిగెత్తుతుంటే ఆ తూటాల పెట్టె మీద కూర్చుని, వాడెవడో ఏమి చెబుతున్నాడో తెలియని గొంతుకు కాపలా కాశాను. ఆమె ఆకులో నాకు ఇడ్లీలు కట్టించుకుని వచ్చేసరికి ఆ గొంతు అక్కడే ఉంది. పెట్టినచోటే, అదే గీత మీద. సుహాసిని ఫోన్లు చెవులకు పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆ మొహం చూసి నా ఆకలి కోపం పోయింది. మనిషి అంత సంతోషంగా ఉండటం నేను చాలా రోజుల తరవాత చూశాను, నాకు ఏడుపొచ్చింది. ఇడ్లీలో కారం ఎక్కువైందని చెప్పాను.

దాన్ని బస్సు మీదికి ఎక్కిస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. లోపల సీటు మీద పెట్టించి, దానికీ ఒక టిక్కెట్టు కొట్టమంది. కండక్టరు నోరెళ్లబెట్టాడు. ఇనపపెట్టె కూర్చుని, కండక్టరు నిలబడి ప్రయాణం చేశారు. పుంగనూరులో దిగాక హనుమంతప్ప బండి మీద వేసుకున్నాం. హనుమంతప్ప మా వీధికి పాలు పోసే రైతు. మా ఊరి పొట్టి ఆవులు నాలుగు పెంచుతాడు, వాటిని బిడ్డలకన్నా ముద్దుగా చూస్తాడు. ఊళ్లో ఎందుకని అడగని మనిషి ఆయన ఒక్కడే. నేనే ఉండబట్టలేక, ఎందుకని అడగవేమప్పా అన్నాను.

"నా పొట్టావులు ఎన్ని పాలిస్తాయని అందురూ అడుగుతారమ్మా. ఇష్టమని పెంచుకుంటాండా, యాల అంటే ఏం సెప్పేది?" అన్నాడు. మరునాడు రెండు వెదురు గడలు తెచ్చి, క్వార్టర్సు మీద ఏరియల్ తీగ తానే కట్టి పోయాడు.

బడి వదిలాక సుహాసిని ఫోన్లు తగిలించుకుని కూర్చునేది. వినబడింది రాసుకునేది కాదు, ఎవరికీ చెప్పేది కాదు. ముల్లును అటు తిప్పి, ఇటు తిప్పి, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగేది, నచ్చకపోతే సాగిపోయేది. సంఘంలో సణుగుడు మొదలైంది. ముఖ్యంగా, ప్రార్థన పెట్టించకుండా వాడుతోందని. మాలో అదొక ఆనవాయితీ. కుట్టుమిషనైనా, పాడి ఆవైనా, కొత్తగా ఇంటికొచ్చిందాన్ని పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి వాడుకుంటాం. పాస్టరు గారు మెత్తని మనిషి. ఈ ఆదివారం చర్చికి తెండమ్మా, ప్రార్థన చేస్తే నోళ్లు మూతపడతాయి అన్నాడు. ప్రార్థనకు నాకేం అడ్డం అంది సుహాసిని.

ఆ ఆదివారం కోతల పండుగ. వేరుశనక్కాయల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు, రాగులు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి వేదిక ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేదిక ముందు పెట్టింది దేవునిది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. హనుమంతప్ప మా పెట్టెను పొద్దున్నే బండి మీద తెచ్చి లోపల దింపించి పోయాడు. మేము పిల్లల్ని వరుసలో నిలబెట్టే హడావిడిలో ఉన్నాం. పండుగనాడు లోపలికి వచ్చిన వస్తువు ఇంకెందుకు వస్తుంది? చర్చి పనివాడు దాన్ని గుమ్మడికాయల మధ్య సర్దేశాడు. పాస్టరు గారు అన్నిటికీ కలిపి ప్రార్థన చేసేశాడు.

వేలం పాడేది థామస్ గారు. కోళ్లు పోయాయి, మూటలు పోయాయి. ఆయన రిసీవర్ మీద చెయ్యి వేశాడు.

"ఇది మన సుహాసిని టీచరు కానుక!"

చప్పట్లు కొట్టారు. తెలిసే చేశాడని ఆ రోజు నేను ప్రమాణం చేసేదాన్నే. ఇప్పుడైతే, మొదటి మాట తెలియకే అన్నాడేమో అనుకుంటాను. తరవాతి మాటలన్నీ మాత్రం తెలిసే అన్నాడు.

సుహాసిని లేచి నిలబడింది. "అది కానుక కాదయ్యా. ప్రార్థనకు తెచ్చినా. నేను ఇయ్యలేదు."

"వేదిక ముందర పెట్టింది ఎనక్కి పోదమ్మా. నీకు తెలీదా?"

"నేను పెట్టలేదు. చర్చి పనోడు తెలీక పెట్టినాడు."

అమ్ముడుపోయిన కోడి ఒకటి కొక్కొక్కో అంది. పాస్టరు గారు బైబిలు పేజీలు తిప్పుతున్నాడు. థామస్ గారు గొంతు తగ్గించి, మంచిమాటలాగా చెప్పాడు.

"సరే, దీన్ని బయటోళ్లకు అమ్మం. సంఘమే ఉంచుకుంటాది. నిన్ను దూరం పెట్టేది లేదు. ఆదివారం ఆదివారం నువ్వే వచ్చి కూర్చో. ముల్లు నీ చేతిలోనే ఉంటాది. యాడ పెట్టాలో మేము సెప్తాం."

ఆయన దయగానే అన్నాడు. ఇంత మంచి బేరం కాదనేవాళ్లుంటారా అన్నట్టు అందరూ ఆమె వైపు చూశారు. సుహాసిని వరుసలో నుంచి బయటికి వచ్చి, గుమ్మడికాయల మధ్యకు నడిచింది.

"ఆ పని నాలుగేండ్లు చేసినానయ్యా. జీతం తీసుకోని చేసినా. ఇంగ చెయ్యను." వంగి ఒక పక్క పిడి పట్టుకుంది. "దేవుడు దీన్ని అడగలేదు. మీరు అడుగుతాండారు."

పట్టుకుని లాగింది. పెట్టె నేల మీద కీచుమని ఒక జానెడు జరిగింది, ఆగింది. రెండో పక్క పట్టేవాళ్లు లేరు. నిండు చర్చి, అందులో మందులిచ్చి సేవ చేసిన కాంపౌండరు బిడ్డ అని ఆమెను కొనియాడినవాళ్లు, తమ పిల్లలకు లెక్కలు నేర్పిందని ఆమె చేతులు పట్టుకున్నవాళ్లు, అందరూ తమ పాటల పుస్తకాల అట్టలు చూసుకుంటున్నారు. మళ్లీ లాగింది. ఇంకో జానెడు.

నేను లేచాను.

"పుష్పమ్మా, కూసో," అన్నాడు థామస్ గారు. "నీ ఉద్యోగమూ ఈడిదే. మరిచిపోవద్దు."

మరిచిపోలేదు. భర్త పోయిన నాడు నాకు అన్నం పెట్టింది ఆ ఉద్యోగం. నడిచిపోయి రెండో పిడి పట్టుకున్నాను. ఇద్దరం లేపాం. అబ్బా, ఏం బరువు! నడవలో అడుగు తీసి అడుగు వేస్తూ, బెంచీలకు తగలకుండా, సగం దూరం వచ్చేసరికి నా చేతులు ఊడి వస్తాయనిపించింది. పెద్ద తలుపు అంత దూరం మోయలేమని పాస్టరు గారికి అర్థమైందేమో, ఏమీ అనకుండా లేచి పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగమూ థామస్ గారి దయ మీదే ఉందని ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది.

సాయంత్రానికల్లా క్వార్టర్సు ఖాళీ చెయ్యమని కబురొచ్చింది, ఇద్దరికీ. హనుమంతప్ప తన గొడ్ల కొట్టం పక్కన గడ్డి వేసే గది ఊడ్చి ఇచ్చాడు. వెదురు గడలు మళ్లీ నాటాడు. బడికి మాత్రం పోతూనే ఉన్నాం. పొమ్మనేదాకా పోదాం అనుకున్నాం. నాలుగు రోజులు నేను వంట చేస్తూ, సామాన్లు సర్దుతూ, థామస్ గారిని తిడుతూ గడిపాను. అయిదో రోజు పొద్దుగుంకే వేళ సుహాసిని నన్ను చెయ్యి పట్టి లాగి పెట్టె ముందు కూర్చోబెట్టింది.

"తిట్టింది సాలు. దీని కోసరం ఇల్లు పోగొట్టుకున్నావు, ఒకసారన్నా వినొద్దా?"

నిజమే, అంతవరకు నేను వినలేదు. ఫోన్లలో ఒకటి నా చెవికి, ఒకటి ఆమె చెవికి పెట్టుకున్నాం. మొదట హోరు. పొలంలో వాన పడుతున్నట్టు హోరు. ఆమె వేళ్లు మెల్లగా ముల్లును తిప్పుతున్నాయి. ఏదో సంగీతం వచ్చి పోయింది, టకటకలు వచ్చి పోయాయి. ఆ తరవాత హోరు అడుగున ఒక ఆడమనిషి గొంతు. ఏ భాషో తెలియదు. నిదానంగా ఏదో చదువుతోంది. మధ్యలో ఒకసారి దగ్గింది. ఎవరో పక్కనున్నవాళ్లకు నొచ్చుకుంటున్నట్టు ఒక చిన్న మాట అని, మళ్లీ చదవసాగింది. ఆ దగ్గు విని ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఎక్కడో ఒక గదిలో, నాలాంటి ఒకామె, గొంతు సరిగ్గా లేకపోయినా తన పని తాను చేసుకుంటోంది. ఆమెకు నేనున్నట్టు కూడా తెలియదు.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. థామస్ గారు. చేతికర్ర పట్టుకుని, అంగవస్త్రం భుజాన సర్దుకుని, ఆవుల మధ్య నుంచి నడిచి వచ్చాడు. నేను లేవబోయి లేవలేదు, చెవి తాడు అడ్డం వచ్చింది.

"పుష్పమ్మా, సుహాసినీ, ఆఖరి మాట సెప్పేదానికి వచ్చినా," అని మొదలుపెట్టాడు. "వచ్చే ఆదివారం ఇద్దురూ సంఘం ముందర నిలబడి తప్పయిందని సెప్పాల. పెట్టెను చర్చికి అప్పజెప్పాల. అట్లయితే క్వార్టర్సు తాళాలు ఇప్పుడే ఇస్తా, ఇదో తెచ్చినా. కాదంటే బడిలో మీకు..."

ఆ గొంతు సన్నబడుతోంది. ఆయన మాటల కింద అది మునిగిపోతోంది. ఇంకో నిమిషం ఆయన మాట్లాడితే ఆమె పోతుంది, మళ్లీ దొరకదు. జీవితంలో ఏనాడూ థామస్ గారి ఎదుట గొంతెత్తని నేను, చెయ్యి ఎత్తాను.

"అయ్యా, గమ్మునుండండి. యాడో ఒకామె మాట్లాడతాండాది."

ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయింది. సుహాసిని ముల్లును వెంట్రుకవాసి జరిపింది. గొంతు మళ్లీ దగ్గరికొచ్చింది. తాళాలు చేతిలో పట్టుకుని ఆయన ఎంతసేపు నిలబడ్డాడో, ఎప్పుడు వెళ్లిపోయాడో నేను చూడలేదు. వింటూ ఉన్నాను.